ముద్దకో నక్షత్రం

ఆ రోజుల్లో క్రిస్మస్ డిసెంబరులో వచ్చి జనవరిలో వెళ్ళిపోయేది. తక్కినవాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ అలాగే జరుగుతోందనుకుంటాను. మా ఇంట్లో మాత్రం ఒక ఏడు అది మొహమాటం లేని చుట్టంలా కూర్చుండిపోయి, శివరాత్రి చూసి, ఉగాది చూసి, మామిడిపళ్ళు ముగ్గేదాకా కదల్లేదు. దానికి కారణం నేనే. మా సందు చివర ఆటోవాళ్ళు చాలాకాలం మా మేడకి 'పండగ అవ్వని ఇల్లు' అని ఆనవాలు చెప్పుకునేవారు. పండగ ఎందుకు అవ్వలేదో వాళ్ళకి తెలియదు. తెలిసినవాళ్ళు ఆరుగురమే. అందులో ఒకరికి అప్పటికి మాటలు రావు.

అప్పుడు నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాను. బయట సముద్రంలో లంగరు వేసుకున్న ఓడలు రేవులోకి ఎప్పుడు వస్తాయో కనుక్కోవడం, రాకపోతే ఎందుకు రాలేదో కెప్టెన్లకి వినయంగా చెప్పడం నా పని. (ఎందుకు రాలేదో నాకూ తెలిసేది కాదు. వినయం మాత్రం అచ్చంగా నాదే.) బీచికి దగ్గర్లో, జాలర్ల ఇళ్ళని ఆనుకుని ఉన్న ఒక సందులో, మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. కింద వాటాలో ఇంటివాళ్ళు. ఆయన సొంత బోటు మీద వేటకి వెళ్ళేవాడు, ఆవిడ చేపలు అమ్మేది. ఆయన నన్ను 'బావ' అనేవాడు, ఆవిడ 'తమ్ముడూ' అనేది. నేను ఆవిణ్ణి 'అప్పా' అనేవాణ్ణి. మొగుడికి బావ, పెళ్ళానికి తమ్ముడు అంటే చుట్టరికం లెక్క సరిగ్గా కుదిరింది కాబట్టి ఎవరూ దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

మా అమ్మాయికి అప్పుడు పదిహేను నెలలు. పేరు బైబిల్లోంచి తీసి పెద్దదే పెట్టాం గానీ, అందరూ పిచ్చుక అనేవాళ్ళం. తిండి అలా ఉండేది మరి. రెండు మెతుకులు నోట్లోకి వెళ్తే ఒకటి బయటికొచ్చేది. సీతమ్మధారలో పిల్లల డాక్టరుగారు తూకం మీద కూర్చోబెట్టి, ముల్లు వంక చూసి, నా వంక చూసి, "రెండు నెలలుగా కదల్లేదండీ. జనవరిలో తీసుకురండి. అప్పటికీ ఇంతే ఉంటే పరీక్షలు రాస్తాను" అన్నారు. ముల్లు కదలకపోవడం ఆ ముల్లు తప్పేమో అని నేను అడగబోయాను. మా ఆవిడ కాలు తొక్కింది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. మా ఆవిడ నర్సు. పిల్ల కోసం రెండేళ్ళు ఇంట్లో ఉండి, ఆ డిసెంబరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. సాయంత్రం డ్యూటీ. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్ల కింద అప్ప దగ్గర ఉంటుంది. ఏడింటి అన్నం నేను పెట్టాలి. "ఈ నెల చూస్తాను" అంది మా ఆవిడ. "మీ చేతి మీద తింటే సరే. తినకపోతే ఉద్యోగం మానేస్తాను. నన్నేమీ అనకూడదు." అనడం వరకూ ఖరాఖండీగానే అంది గానీ, డ్యూటీలో చేరే ముందురోజు యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీయడం నేను విన్నాను. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆవిడ ఇస్త్రీ చేస్తూ పాడడం అదే మొదలు. (నా చొక్కాలకి ఆ భాగ్యం కలగలేదు.) ఆ రాగం ఆగిపోతే అది నేను ముద్ద పెట్టలేని మొద్దునైనందువల్లే ఆగిపోవాలి. అది నాకు ఇష్టం లేదు.

ఇలా ఉండగా ఆనందపురం నుంచి మా అత్తగారు ఫోను చేశారు. ఆవిడ బళ్ళో టీచరుగా చేసి రిటైరై, సండే స్కూల్లో టీచరుగా మిగిలిపోయారు. పండగ విషయాల్లో ఆవిడ మాటే శాసనం. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటి మీద కట్టే నక్షత్రం కొనకూడదు, చెయ్యాలి. పిల్లకి మొదటి పుట్టినరోజు వెళ్ళాక వచ్చే క్రిస్మస్‌కి తండ్రే చెయ్యాలి. డిసెంబరు ఒకటిన కట్టాలి, కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం ఆరాధన నుంచి రాగానే దించాలి. "మీ మావయ్యగారు మూడు రాత్రులు కూర్చుని చేశారు బాబూ, మా అమ్మాయికి" అన్నారు. మావయ్యగారు లేరు కాబట్టి అవునో కాదో అడిగే వీలు లేదు.

వెదురు బద్దలు తెచ్చాను, గాలిపటాల ఎర్ర కాగితం తెచ్చాను, మైదాపిండి ఉడికించి జిగురు చేశాను. పిచ్చుక అన్నం తినదు గానీ ఆ జిగురు రెండు వేళ్ళతో తీసి ఆప్యాయంగా తింది. ఐదు కోణాలూ సమానంగా రావాలని పుస్తకంలో గీతలు గీసి మరీ మొదలుపెట్టాను గానీ, వెదురుకి చదువు రాదు. రెండు కోణాలు పొడుగ్గా, మూడు కోణాలు పొట్టిగా తేలాయి. లోపల పదిహేను వాట్ల బల్బు పెట్టి మేడ వరండాకి వేలాడదీస్తే, అప్ప కింద నుంచి తలెత్తి చాలాసేపు చూసింది.

"ఏటి తమ్ముడూ, పీతని కట్టేవు?"

"పీత కాదప్పా, నక్షత్రం."

"సుక్కకి డెక్కలుంటాయేటి?"

ఆవిడ మొగుడు వల సర్దుకుంటూ నన్ను సమర్థించాడు. "పీతయితే ఏటే? మంచి పీతే. కండున్నాది బావ."

ఆ సాయంత్రం పిచ్చుకని చంకనేసుకుని, పప్పన్నం గిన్నె పట్టుకుని వరండాలో కూర్చున్నాను. చందమామని పిలుద్దామంటే ఆ వేళ చందమామ లేడు. కాకిని చూపిద్దామంటే కాకులు గూళ్ళకి వెళ్ళిపోయాయి. గత్యంతరం లేక స్విచ్చి వేశాను. పీత వెలిగింది. పిచ్చుక దాన్ని చూసి 'ఆఁ' అని నోరు తెరిచింది. ఆశ్చర్యంతో తెరిచిన నోరది, ఆకలితో కాదు. అయినా తెరిచిన నోరు వృథా చేసే స్థితిలో నేను లేను. ముద్ద పెట్టేశాను. మింగింది. స్విచ్చి ఆపి మళ్ళీ వేశాను. 'ఆఁ.' ఇంకో ముద్ద. పది నిమిషాల్లో గిన్నె ఖాళీ. ఆ గిన్నె అడుగున పువ్వు బొమ్మ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే గిన్నె చూపించాను. ఆవిడ గిన్నె చూసింది, తరవాత అప్ప వాళ్ళ పిల్లి వంక చూసింది. నేను ప్రమాణం చేశాను. "ఎలా పెట్టారు?" అంటే, "హస్తవాసి" అన్నాను. అక్కడే పొరపాటు చేశాను. స్విచ్చివాసి అని ఆనాడే చెప్పేసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ ఆఫీసులో రోజంతా కెప్టెన్ల చేత చివాట్లు తినే మనిషికి ఇంట్లో ఒక్కచోట నిపుణుడనిపించుకునే అవకాశం వస్తే వదులుకోవడం కష్టం. మర్నాటి నుంచి ఆసుపత్రిలో ఆవిడ తోటి నర్సులకి నా హస్తవాసి గురించి చెప్పిందట. ఒకావిడ తన మనవణ్ణి పంపించమంటారా అని కూడా అడిగిందట.

పండగ వారం వచ్చేసరికి వ్యవహారం నా చెయ్యి దాటింది. పిచ్చుకకి మా పీతే కాదు, ఏ నక్షత్రం కనిపించినా నోరు తెరుచుకోవడం అలవాటైపోయింది. సాయంత్రం షికారుకి తీసుకెళ్తే నక్షత్రం కట్టిన ప్రతి ఇంటి ముందూ 'ఆఁ' అనేది. నేను చిన్న టిఫిను డబ్బా జేబులో వేసుకుని, ఇంటికో ముద్ద చొప్పున పెట్టుకుంటూ తిరిగేవాణ్ణి. ద్వారకా నగర్లో బట్టల దుకాణానికి కొత్త గౌను కొనడానికి వెళ్తే, షోకేసులో ఒకేచోట ఓ పాతిక నక్షత్రాలు వేలాడదీశారు. పిల్ల నోరు మూయలేదు. నా డబ్బా చాల్లేదు. దుకాణంలో అమ్మాయి "పాప నవ్వుతోందండీ" అంది. నేను ఔనన్నాను.

క్రిస్మస్ రోజు గుడికి మా అత్తగారు కూడా వచ్చారు. తెల్లచీర, సంచిలో అరిసెలు, కజ్జికాయలు, ఇంట్లో చేసిన కేకు. పాస్టరుగారి వెనక గోడ మీద నిలువెత్తు నక్షత్రం, దాని నిండా ఆరుతూ వెలుగుతూ ఉండే బల్బులు. అందరూ పాటకి లేచారు. నా భుజం మీద పిచ్చుక కూడా నక్షత్రాన్ని చూసి, ఉన్న నాలుగు పళ్ళూ కనిపించేలా నోరు తెరిచింది. పాట అయిపోయింది, ప్రార్థన అయింది, ప్రసంగం మొదలైంది. నోరు అలాగే ఉంది. మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. "చూశారా బాబూ, దానికి అప్పుడే ఎంత భక్తో" అన్నారు. నేను తల వంచుకుని జేబులోంచి బిస్కెట్టు ముక్క తీసి ఆ భక్తిలో పెట్టాను. ప్రసంగం దీర్ఘంగా సాగింది. పాకెట్టు అయిపోయింది.

జనవరి మొదటివారంలో సీతమ్మధారలో ముల్లు కదిలింది. డాక్టరుగారు "ఏం పెడుతున్నారు?" అన్నారు. మా ఆవిడ గర్వంగా నన్ను చూపించింది. ఆవిడ అలా గర్వంగా చూపించిన సందర్భాలు నాకు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, అందులోనూ వేళ్ళు మిగులుతాయి. ఆ మర్నాడే ఆదివారం. ఆనవాయితీ ప్రకారం గుడి నుంచి రాగానే నక్షత్రం దించి, పాత దుప్పట్లో చుట్టి, అటక మీద పెట్టాను.

సోమవారం సాయంత్రం పిచ్చుక వరండాలో ఖాళీ వైరు వంక చూసి, నా వంక చూసి, పెదవులు బిగించింది. అంత చిన్న మొహంలో అంత పెద్ద తాళం ఎలా పట్టిందో తెలియదు. టార్చిలైటు చూపించాను. సైకిలు బెల్లు కొట్టాను. నేనే రెండు చేతులూ రెండు కాళ్ళూ చాపి, తలతో కలిపి ఐదు కోణాలుగా నిలబడ్డాను. (కింద నుంచి అప్ప "ఏటి తమ్ముడూ, ఒళ్ళు నొప్పులా?" అంది.) మంగళవారం కూడా అంతే. బుధవారం మా ఆవిడ గిన్నెలో అన్నం అన్నంలాగే ఉండడం చూసి, యూనిఫారం మడిచి బీరువాలో పెట్టింది. పాట లేదు, రాగం లేదు. ఆ బీరువా తలుపు చప్పుడుకి నేను నిజం చెప్పేశాను.

ఆవిడ బీరువా తలుపు వదిలి నా వైపు తిరిగింది. తరవాత "అంటే హస్తవాసి..." అంది.

"పదిహేను వాట్లు" అన్నాను.

"నలభై మందికి చెప్పాను నేను."

ఆపైన కుర్చీ వేసుకుని, అటకెక్కి, నక్షత్రం తీసి నా చేతికిచ్చింది. అలా మా ఇంట్లో క్రిస్మస్ మళ్ళీ మొదలైంది.

జనవరిలో ఎవరూ పట్టించుకోలేదు. ఫిబ్రవరిలో పాలవాడు అడిగాడు. శివరాత్రినాడు అప్ప "మా జాగారానికి దీపం ఎట్టేవు, మంచోడివి" అంది. ఆవిడ మొగుడైతే వేట నుంచి వస్తూ ఒకరోజు నన్ను ఆపి, "బావ, ఆ సుక్క తియ్యమాకు. తెల్లారగట్ల ఒడ్డుకొత్తంటే అదే అగుపడతాది. అల్లదిగో ఇల్లు అనుకుంతన్నాను" అన్నాడు. పదిహేను వాట్ల బల్బు సముద్రం మీదికి కనిపిస్తుందా అని నాకు ఇప్పటికీ అనుమానమే. పైగా రాత్రి తొమ్మిదింటికే మేం ఆర్పేసేవాళ్ళం. కానీ చల్లగా అన్నాడు, నేనూ చల్లగా ఊరుకున్నాను.

శ్రమదినాలు మొదలయ్యాయి. గుడ్ ఫ్రైడేకి ముందు నలభై రోజులు, ఉపవాసాలూ ప్రార్థనలూ తప్ప సంబరాలు ఉండకూడని రోజులు. ఆ రోజుల్లో మా మేడ మీద ఎర్ర నక్షత్రం వెలుగుతోందని ఆనందపురం దాకా కబురు వెళ్ళింది. మా అత్తగారు మర్నాడే బస్సెక్కి వచ్చారు. గుమ్మంలోంచే తలెత్తి చూశారు. "ఇదేమిటి బాబూ?" అన్నారు. నేను చెప్పాను. "పిల్లకి అలవాటు మీరు చేశారు, మీరే మాన్పించాలి. ముప్పై ఏళ్ళు పిల్లల్ని చూశాను నేను. ఇవాళ నేను పెడతాను, స్విచ్చి ఎవరూ ముట్టుకోకండి" అన్నారు.

ఆ సాయంత్రం ముప్పై ఏళ్ళ అనుభవం ఒకవైపు, నాలుగు పళ్ళు ఒకవైపు కూర్చున్నాయి. (అప్పటికి ఆరనుకుంటాను.) అత్తగారు లాలించారు, కథ చెప్పారు, పులి వస్తుందన్నారు, వేలెత్తి చూపించారు. ఆ వేలు చూసి ఎన్ని తరాల పిల్లలు ఎక్కాలు అప్పజెప్పారో. పిచ్చుక ఆ వేలు పట్టుకుని, జాగ్రత్తగా పైకి తిప్పి, నక్షత్రం వైపు చూపించి, "తాల" అంది. అది తార అన్నమాట. కింద మెట్ల మీద కూర్చుని అంతా వింటున్న అప్ప ఉండబట్టలేక అంది: "పంతులమ్మగారూ, గుంట కడుపుకి పండగేటి, ఉపాసమేటి? ఎయ్యండి, తింటాది."

చల్లారిపోయిన ముద్ద చేతిలో పట్టుకుని అత్తగారు కాసేపు ఆలోచించారు. నా చేతిలో ఓడిపోవడం ఆవిడకి అలవాటు లేదు. కానీ ఇది నా చేతిలో కాదు, మనవరాలి చేతిలో. "వెయ్యండి బాబూ" అన్నారు. వేశాను. గిన్నె అడుగు పువ్వు దాకా తినిపించి, చెయ్యి కడుక్కుని, నన్ను బజారుకి పంపించి ఊదారంగు కాగితం తెప్పించారు. శ్రమదినాల రంగు ఊదా. గుడిలో బల్ల మీద గుడ్డ కూడా ఆ రంగే వేస్తారు. ఆవిడే కూర్చుని నా నక్షత్రానికి ఎర్ర కాగితం ఊడదీసి, ఊదా కాగితం అతికించి, ఆ అతికించడంలోనే పొడుగు కోణాలు రెండూ సరిచేశారు. "ఇప్పుడిది క్రిస్మస్ నక్షత్రం కాదు. ఎవరడిగినా అలాగే చెప్పండి" అన్నారు. మరి ఏమిటని చెప్పాలో చెప్పలేదు. ఈస్టరుకి ఆవిడే తెల్ల కాగితం పంపించారు. ఆ ఏడు నాకంటే మా నక్షత్రమే ఎక్కువ బట్టలు మార్చింది.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. చేపల వేట ఆపేసే రోజులవి కాబట్టి అప్ప మొగుడు ఇంటిదగ్గరే ఉన్నాడు. నేను ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి గాలి వెలిసింది, కరెంటు పోయింది, సందంతా చీకటి. వరండాలో తెల్ల కాగితం ఒక్క పేలిక కూడా లేదు. వెదురు బద్దలు నాలుగు వైరుకి వేలాడుతున్నాయి, అచ్చం తినేసిన పీతలా. లోపల బల్బు పగిలింది. మా ఆవిడ డ్యూటీలో ఉంది. యూనిఫారం మళ్ళీ బీరువాలోకి వెళ్ళడం నా కళ్ళకి కట్టింది. పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అన్నం కలిపి, ఏమీ తోచక గిన్నె పట్టుకుని అలా ఉండిపోయాను. అది ఆ బద్దల వంక చూసింది. పెదవి వంకర తిరిగింది. సరే, మొదలైంది అనుకున్నాను.

పెదవి మధ్యలో ఆగిపోయింది. అది బద్దల మధ్యలోంచి చూస్తోంది. చెయ్యి చాచింది. "తాలలు" అంది. (దాని జీవితంలో అది మొదటి బహువచనం.) నేనూ అటు చూశాను. సందులో, బీచిలో ఎక్కడా దీపం లేకపోవడంతో సముద్రం మీద ఓడల దీపాలు బారుగా, స్పష్టంగా కనిపిస్తున్నాయి. పది, పన్నెండు. రేవులోకి రాకుండా లంగరు వేసుకుని నిలబడ్డవి. అందులో మూడు నా ఓడలే. వాటి కోసమే ఆ రోజంతా నేను చివాట్లు తిన్నాను. అన్ని నెలలుగా అవి అక్కడే ఉన్నాయి. నా పదిహేను వాట్ల వెలుగు కళ్ళలో పడి కనిపించలేదు, అంతే.

పిచ్చుక నోరు తెరిచింది. 'ఆఁ.'

మెట్ల మీద నుంచి అప్ప మొగుడు అన్నాడు: "పెట్టు బావ, సూత్తావేటి? సుక్క సిరిగితే సిరిగింది. అయ్యి గాలొచ్చినా సిరగవు, పండగెల్లినా ఎల్లవు."

ఆ మర్నాటి నుంచి నా బతుకు రెండుగా చీలింది. పగలు ఆఫీసులో ఓడలు తొందరగా లోపలికి రావాలని పోర్టువాళ్ళని బతిమాలేవాణ్ణి. సాయంత్రం వరండాలో కూర్చుని దేవుడా, ఇంకో నాలుగు రోజులు అవి అక్కడే ఉండాలని ప్రార్థించేవాణ్ణి. ఒకసారి రేవు ఖాళీగా ఉండి రెండే ఓడలు బయట మిగిలాయి. ఆఫీసులో అందరూ మిఠాయి పంచుకున్నారు. నాకు మింగుడు పడలేదు. ఆ వేళ పిచ్చుక రెండు ఓడల మీదే పెరుగన్నం దాకా లాక్కొచ్చింది. కొన్నాళ్ళకి ఓడలు లేకపోయినా తినేసింది, వాటి వంక చూడడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు. మా ఆవిడ యూనిఫారం మళ్ళీ బీరువాలోకి మడత పడలేదు. ఇప్పుడావిడ ఆ ఆసుపత్రిలో నర్సులందరి మీదా పెద్ద. కొత్తగా వచ్చిన అమ్మాయిలెవరైనా పిల్లలు తినడం లేదంటే, మా ఆయన హస్తవాసి కనుక్కోండి అంటుందట.

ఇప్పుడు పిచ్చుకకి పదహారేళ్ళు. ఆ పేరు పెట్టి పిలిస్తే పలకదు. అదే ఇంట్లో, అదే మేడ మీద ఉన్నాం. అత్తగారు లేరు గానీ ఆవిడ ఆనవాయితీ ఉంది. మొన్న డిసెంబరు ఒకటిన పిచ్చుక తనే వెదురు బద్దలు కట్టి, ఐదు కోణాలూ సమానంగా వచ్చిన నక్షత్రం చేసి, స్టూలెక్కి వేలాడదీసింది. నేను అన్నం కంచం పట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నాను. ఎన్నేళ్ళుగానో ఆ నెలంతా నాకు అక్కడే భోజనం, ఎందుకని ఎవరూ అడగరు. అన్నం కలిపి అలాగే కూర్చున్నానట. వంటింట్లోంచి మా ఆవిడ అంది, "స్విచ్చి వెయ్యవే, మీ నాన్నకి ముద్ద దిగదు." అది వేసింది. వేసి, స్టూలు మీద నుంచే నా వంక చూసి, "నాన్నా, ఆఁ" అంది.

నేను తిన్నాను. జనవరి మొదటి ఆదివారం నాడు దించేస్తుందట. అప్పటికి బయట ఎన్ని ఓడలుంటాయో రేపు ఆఫీసులో కనుక్కోవాలి.